నూట పన్నెండో పేజీ

మార్చి 14, గురువారం

వదినగారికి,

మీ మరిది నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం, నా మోకాలొక్కటే చెప్పిన మాట వినడం లేదు. మీరూ అన్నయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరు రాసిన ఉత్తరాన్ని మా ప్రెస్సు ఓనరు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మీ అనువాదం మూడో ముద్రణ సోమవారం మిషనెక్కాలి. అట్ట మీద నుంచి మీ పేరు తీసేయమన్నారు. ఫ్రెంచి మూలంలో లేని పేరా ఒకటి మీ పుస్తకంలో ఉందని తేలింది, ఎప్పుడు కలిపారో మీకే గుర్తు లేదట, కలిపింది మాత్రం మీరే అయివుంటారట, రచయిత నోట్లో తన మాట పెట్టిన మనిషి అనువాదకురాలినని చెప్పుకోకూడదు అని కారణం కూడా రాశారు. ఓనరు అది చదివి, మీ వదినగారు శిక్ష ముందే వేసేసుకున్నారు, విచారణైనా జరగనివ్వమనవయ్యా అన్నాడు. ఆ విచారణ నేను చేశాను. నాలుగు రోజులు పట్టింది.

ఆ పేరా సంగతి మీకు రాసిన నర్సింగ్ పరిశోధకురాలు ప్రెస్సుకు కూడా వచ్చింది. మూలం రాసిన ఆ తత్వవేత్త కోసమే రెండేళ్లు కూర్చుని ఫ్రెంచి నేర్చుకుందట. రెండు పుస్తకాలూ నా ముందు పరిచి, అంకుల్, ఇది ఎవరిది అని అడిగింది. ఎదురుగా ఉండడం మంచిదని నూట పన్నెండో పేజీలోని ఆ పేరా ఇక్కడ రాస్తున్నాను:

“వార్డులో పడక చుట్టూ తెర లాగగానే డాక్టరుకు రోగి ఒక్కడే కనిపిస్తాడు. పక్క పడకల వాళ్లు అప్పటి నుంచి చెవులతో చూడటం మొదలుపెడతారు. తెర సిగ్గును దాచదు. ఎవరు చూడాలో నిర్ణయిస్తుంది.”

ఆ అమ్మాయి థీసిస్‌లో ఒక అధ్యాయమంతా దీని మీదే నిలబడింది. ఇది ఆయన అనని మాటే గానీ, అనడానికి వీల్లేని మాట కాదండీ అంది. అయితే అన్నవాళ్లెవరో తేలకపోతే వాళ్ల గైడు ఒప్పుకోడట.

మర్నాడు యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లాను. మీ పుస్తకం ప్రతులు ఆరున్నాయి. తత్వశాస్త్రం బీరువాలో ఉన్నది ఒక్కటే, దాన్ని ఎవరైనా తీసుకెళ్లి తొమ్మిదేళ్లయింది. మిగతా ఐదూ లా, ఆర్కిటెక్చర్, భూగోళం, నర్సింగ్, టీచర్ ట్రైనింగ్ వాళ్ల మధ్య తిరుగుతున్నాయి. తత్వశాస్త్రం హెడ్డుగారిని అడిగితే, ఆ ఫ్రెంచాయన మా ఇంట్లోంచి లేచిపోయి ఊరంతా కాపురాలు పెట్టాడండీ అని టీ ఇప్పించాడు.

లా చెప్పే మేడమ్ సాక్షిని తెర వెనక నిలబెట్టి ప్రశ్నించే పద్ధతి మీద పాఠం చెబుతూ ఈ పుస్తకమే వాడుతోంది. టీచర్ ట్రైనింగ్‌లో పరీక్ష హాలు గురించి వాడుతున్నారు, కాపలా మాస్టారు ఎదురుగా నిలబడితే పిల్లలు ఎలా రాస్తారు, వెనక నిలబడితే ఎలా రాస్తారు అని. ఆర్కిటెక్చర్ మాస్టారు ఓ ఆసుపత్రి ప్లాను విప్పి చూపించాడు. తెర ఉంటే చాలనుకునేవాణ్ణి, ఇది చదివాక పడకల మధ్య సగం గోడ కట్టించాను అన్నాడు. అది మూలంలో లేని పేరా అని చెప్పాను. గోడ పడగొట్టమంటారా ఏంటి అన్నాడు.

చూపు ఎక్కడి నుంచి పడుతుందో దాన్ని బట్టే ఎదుటివాడు రోగో, నేరస్థుడో, విద్యార్థో అవుతాడన్నది ఆ తత్వవేత్త మాట. మీ అనువాదం వచ్చి పాతికేళ్లయినా అది ఇంతమంది చేతుల్లో పనిముట్టులా తిరుగుతోందని నాకూ తెలియదు. మీ పుస్తకాన్ని ఉదహరించిన వ్యాసాలూ థీసిస్‌లూ ముప్పై ఒకటి దొరికాయి. ఇరవై రెండింటిలో ఉన్నవి వేరే పేజీల వాక్యాలు. ఆ అమ్మాయీ నేనూ కూర్చుని అన్నీ మూలంతో సరిచూశాం. ఒక్కటీ తప్పు పోలేదు. మిగిలిన తొమ్మిదింటిలో మాత్రం ఈ తెర ఉంది.

ఇక అసలు విషయం. ఆ పేరా మీరు కలిపింది కాదు. మీ రాతప్రతి మార్జిన్‌లో పెన్సిల్‌తో ఉన్న మాటలవి. కంపోజ్ చేసినవాణ్ణి నేను. మార్జిన్‌లోవి లోపలికి ఎక్కించాను. ఆ వారం మీరు పరీక్ష పేపర్లు దిద్దుతూ ప్రూఫులు నాకే వదిలేశారు కాబట్టి మీ కంట పడలేదు. పొరపాటు నాది. ఈ మాట ఓనరుకు సంతకం పెట్టి ఇచ్చాను. కొత్త ముద్రణలో పేరా కింద గీత గీసి, ఇది మూలంలోది కాదని ఫుట్‌నోట్ వేస్తున్నాం. అట్ట మీద మీ పేరు ఉండాలి. తీసేస్తే ఆ ఇరవై రెండింటినీ కూడా అనుమానించినట్టవుతుంది.

ఈ ఉత్తరం కొరియర్‌లో పంపుతున్నాను, రేపు అందుతుంది. ఒప్పుకుంటున్నానని ఒక్క ముక్క రాయండి, చాలు.

ఇట్లు,
మీ కోపానికి అలవాటు పడ్డ
మరిది

తా.క. కవరు అంటించాక మళ్లీ చింపాను. మీరు జన్మలో పెన్సిల్ పట్టలేదు. అదెవరి రాత అని అడక్క మానరు. అన్నయ్యది.

డ్యూటీకి వెళ్తూ దారిలో మీ రాతప్రతి అధ్యాయాల వారీగా ప్రెస్సులో ఇచ్చేవాడు కదా. ఇచ్చేముందు ప్రతి అధ్యాయాన్నీ ఆసుపత్రి దుప్పట్ల గదిలో కూర్చుని చదివేవాడు. వార్డు బాయ్‌గా అప్పటికి పన్నెండేళ్లు ఆ తెరలు లాగిన చెయ్యి అది. రాత గుర్తుపట్టి నిలదీస్తే, ఉంచితే ఉంచు, తీసేస్తే తీసెయ్, ఆవిడకి మాత్రం చెప్పకురా, నీకేం తెలుసని రాశావు అంటుంది అన్నాడు. పొరపాటు కాదు, తెలిసే ఉంచాను. ఆ పుస్తకం మొత్తంలో నాకు ఒక్కసారికే అర్థమైన పేరా అదొక్కటే.

నిన్న ఫోన్ చేసి ఫుట్‌నోట్‌లో పేరు వేస్తామంటే, వార్డు బాయ్ అని వెయ్యండి చాలు అన్నాడు. నర్సింగ్ అమ్మాయి అలా కుదరదంది. అన్నయ్య పేరు మీ చేత్తో రాసి పంపండి. పేజీ అడుగున రెండు లైన్ల చోటు వదిలాను.