కోడి కింది గుడ్డు

ఆదివారం. వాన వెలిసి ఎండ కాసింది. పొద్దున్నే రాలిన కొబ్బరి మట్టలు ఏరి ఓ పక్కన పేర్చాను.

నువ్వు పోయి నేటికి ఏడాది. మన సుధ కాకినాడ నుంచి తన మిషన్ తెచ్చింది. అరచేతిలో పట్టేంతే ఉంది. కంటికి కనపడనంత సన్నని కన్నంలోంచి ప్రోటీన్‌ను లాగి, కరెంటు మారే తీరును బట్టి అది ఏ ప్రోటీనో చెబుతుందట. పెద్ద ల్యాబ్‌కు పంపక్కర్లేదు, ఖర్చూ తక్కువ. పాలలో కల్తీ పట్టడానికీ పనికొస్తుందంటోంది. రేపు కాలేజీలో చూపించాలి.

"నాకు చెప్పకుండా ఏదైనా ఇచ్చి పరీక్ష పెట్టు నాన్నా" అంది.

కోడి కింద నుంచి గుడ్డు తీసి, తెల్లసొన సీసాలో పోసి ఇచ్చాను. చాలాసేపయ్యాక "బాతుగుడ్డు" అంది.

"కాదమ్మా, కోడి కిందదే."

పిల్ల ముఖం చిన్నబోయింది. రేపు వెళ్లనంటూ మిషన్ మూసేసింది.

అప్పుడే మా మాటలు విని పక్కింటి మంగమ్మ గారు వచ్చేరు. "అవి బాతుగుడ్లేనండీ. మా బాతు సరిగ్గా పొదగదని నిన్న నేనే మీ కోడి కింద పెట్టేను. మీ ఆవిడగారు నేర్పిందే. అంత గుడ్డు చూసి అనుమానం రాలేదాండీ?"

"మన కోడే పెట్టిందని మురిసిపోయానండీ" అన్నాను.

సుధ నవ్వు ఆపుకోలేక మెట్టు మీద కూలబడింది. "మిషన్ రైటు, నాన్న తప్పు" అంటూ వీధికంతా వినిపించింది. నువ్వుంటే ఊరికంతా చెప్పేదానివి.

ఇప్పుడు మిషన్‌ను నీ శాలువాలో చుట్టి, రేపటి బస్సుకు సర్దుకుని, అన్నానికి పిలుస్తోంది. ఏం కూరమ్మా అంటే, మిషన్‌ని అడగమంటోంది.