లికూలో ఆగిన అద్దె కారు

చెల్లీ మకలీటా,

నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. మన నీయూ దీవి చూడ్డానికొచ్చిన ఒక ముసలాయన అద్దె కారుకి నిన్న మన లికూ ఊళ్లో టైరు పేలింది. సాయానికి ఇల్లిల్లూ తలుపు తట్టి, చివరికి నా గుమ్మంలోకొచ్చాడు.

"ఎదురైన ప్రతివాళ్లకీ చెయ్యి ఊపమన్నారమ్మా కారిచ్చినవాళ్లు. ఊపుదామంటే మనిషే లేడు! ఊరంతా ఏమైపోయింది?"

"ఆక్లండ్‌లో ఉందయ్యా. నువ్వు తట్టినవన్నీ అక్కడికెళ్లిపోయిన మావాళ్ల ఇళ్లే."

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. టైరు మార్చుకుని, నేను పెట్టిన చేమదుంపా చేపా తిన్నాక కూడా లేవలేదు. "ఇంకాసేపు కూర్చోనా? మా ఇంట్లోనూ నేనొక్కణ్ణే," అన్నాడు. పొద్దుగూకేదాకా ఏవేవో మాట్లాడుకున్నాం. ఆయన కారు మలుపు తిరిగాక లోపలికి రాబుద్ధి కాలేదు. ఇన్నేళ్లూ ఈ ఇల్లు ఇంత పెద్దదనిపించలేదు.

మీ అత్తగారి దగ్గు తగ్గిందా? విమానంలో ఎవరైనా వస్తుంటే నాకు చదువుకునే కళ్లజోడు పంపు. మీ ఇంటి రేకులు గాలివానకి తట్టుకున్నాయి. నాన్న సమాధి చుట్టూ గడ్డి కోశాను.

దేవుడు మీ అందరినీ చల్లగా చూడాలి. నువ్వు ఆక్లండ్ రమ్మన్నప్పుడల్లా రానన్నాను కదా, ఇంకొక్కసారి అడుగు.

మీ అక్క,
మెలేసియు