పగలని బీకరు

దేవదానం అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన కెమిస్ట్రీ ల్యాబులోకి వీఆర్ కళ్లజోళ్లు వచ్చాయి. ఇవాళ పాఠం చెబుతుండగా నా చెయ్యి తగిలి, వాటిలో కనిపించే యాసిడ్ బీకరు కింద పడింది. పగల్లేదు. నేనే గభాల్న వెనక్కి దూకాను.

"మేడం, గీ ప్రోగ్రాం ఓపెన్ సోర్సే, మనమే మార్చుకోవచ్చు. పడితే పగిలేటట్టు చెయ్యాల్నా?" అంది కంగ్టి నుంచి బస్సులో వచ్చే షబానా.

పిల్లలకు భయం తెలియాలనిపించింది. భయమెందుకనీ అనిపించింది. ఏదీ తేల్చుకోలేక రేపు చెబుతానన్నాను.

ఈ ల్యాబులో ఎవరు గాజుసామాను పగలగొట్టినా, అటెండరుగా నువ్వు ముందు తిట్టేవాడివి. తర్వాత "జరుగు బిడ్డా, కాళ్లల్ల గుచ్చుకుంటయ్" అంటూ ముక్కలన్నీ నువ్వే ఏరేవాడివి.

పగలనిస్తే, అన్నా, ఆ కళ్లజోళ్లలో ముక్కలు ఎవరు ఏరాలి?