ఇజ్జా పెళ్లినాటి పళ్లెం

అజ్రూ,
14 నవంబరు 2022, సోమవారం.

నా కంటివెలుగు ఇజ్జాకు, అమ్మ తూదా దీవించి రాసేది. దేవుడి శాంతి నీ మీద, అల్లుడు ఇదిర్ మీద ఉండుగాక. ఇక్కడ అందరం కులాసా. కొండ మీద అప్పుడే మంచు పడింది. మీ నాన్న మోకాళ్లు నొప్పులంటూనే సంతలో ఇంకో రెండు మేకలు కొన్నాడు. ఆయన సంగతి నీకు తెలిసిందే.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావేమో. ఫోనులో నీ గొంతు వినగానే చెప్పాలనుకున్నది నోట్లోనే ఆగిపోతోంది.

నిన్న ఇదిర్ మాట్లాడాడు. "అత్తయ్యా, రెండు నెలలుగా ఉత్తన్నం తప్ప ఏదీ ముట్టడం లేదు. గుమ్మడికాయ తెస్తే పామును చూసినట్టు చూస్తోంది. నేనేం చెయ్యను?" అని ఏడ్చేశాడు. నలభై ఒక్క కిలోలకు దిగావట. బడికెళ్లే రోజుల్లోనే అంతకంటే ఎక్కువుండేదానివి.

ఎంత కష్టపడి కూడగట్టుకున్నామే ఆ తిండి! ఒళ్లంతా దద్దుర్లు, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం. ఏడేళ్లపాటు దిష్టి అన్నవాళ్లు కొందరు, నరాల బలహీనత అన్నవాళ్లు కొందరు. చివరికి రబాత్‌లో డాక్టరమ్మ తేల్చింది. ఒంట్లో మాస్ట్ కణాలని కాపలాకుక్కలుంటాయట, నీ కుక్కలు చుట్టం వచ్చినా దొంగొచ్చినట్టే మీద పడతాయట. ఆవిడ చెప్పినట్టే ఒక్కొక్కటీ తిని చూసి పట్టీ రాసుకున్నాం. టమాటా పోయింది, వంకాయ పోయింది, ఊరబెట్టిన నిమ్మకాయ పోయింది, నిలవున్నదల్లా పోయింది. పొద్దున కోసిన కోడి పొద్దునే వండాలి. గుమ్మడి, క్యారెట్, ఆపిల్ నిలిచాయి. వాటితోనే కుస్కుస్ గోధుమరవ్వ ఆవిరి పట్టి ఆలివ్ నూనె పోస్తే, "ఇది రోగి తిండి కాదే అమ్మా, రాజుల తిండి" అనేదానివి. మీ నాన్న తన కూర వదిలేసి నీ పళ్లెంలో చెయ్యి పెట్టేవాడు. ఎనిమిది నెలలు ఒక్క దద్దురు లేదు.

పెళ్లినాడూ అదే కుస్కుస్ నీకు విడిగా వండాను. నువ్వు పుట్టిన ఏడోరోజున మీ నానమ్మ నీ పెళ్లికని ఉప్పేసి పాతిన వెన్నకుండ తవ్వి తీస్తే ఇల్లంతా ఆ వాసనే. ఇరవై ఆరేళ్ల వెన్న! ఆడవాళ్లు ఊరుకుంటారా? "పెళ్లికూతురు తన కుండ రుచి చూడకపోతే ఆ కాపురానికి బరకత్తు ఎక్కడిదే తూదా?" అని మీ మేనత్త రఖ్ఖూష్ నన్ను పీక్కుతింది. నా పిల్ల పళ్లెం దగ్గరికొచ్చిన చెయ్యి విరుస్తానన్నాను. అందరూ విన్నారు.

నాలుగు ముద్దలు తిన్నావో లేదో ముఖం కందింది, పెదాలు వాచాయి. ఇదిర్ జేబులోంచి మందు సూది తీసి నీ తొడకు పొడిచేలోపే పెళ్లిబట్టలతో కూలిపోయావు. నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. ఈ రోజుకీ అలాగే ఉన్నాను.

"నా తిండే నన్ను చంపబోయిందమ్మా, ఇక దేన్ని నమ్మను?" అని ఆసుపత్రి మంచం మీద అడిగావు. దేవుడున్నాడన్నాను.

రబాత్ వచ్చి వండిపెడతానంటే, చలిలో ప్రయాణం వద్దన్నావు. నా చేతివంటంటే భయమని అనలేకపోయావు. అది తెలియనిదాన్నా?

ఒళ్లు జాగ్రత్త తల్లీ.

నీ అమ్మ,
తూదా

తా.క. సంతకం పెట్టి, కవరు అంటించబోయి మళ్లీ విప్పాను. తల్లీ, గుమ్మడి తప్పు లేదు, క్యారెట్ తప్పు లేదు, కోడి తప్పూ లేదు. మేనత్త అటు తిరగగానే, నేనే చూపుడువేలి కొసన ఆ వెన్న తీసి నీ కుస్కుస్‌లో కలిపాను. ఎనిమిది నెలలు బాగున్నావు కదా, ఇంతకే ఏమవుతుందిలే అనుకున్నాను. నీ కాపురం గురించి భయపడ్డాను. ఆ తర్వాత నువ్వు ఎండిపోతుంటే చూస్తూ కూడా నోరు విప్పలేదు. ఇది డాక్టరమ్మకు చూపించు. నీ పట్టీలో ఒక్కటీ కొట్టెయ్యకు. నా చేతివంట మళ్లీ తినకపోతే మానె, ఇదిర్ చేత వండించుకుని తిను. మూడుసార్లు ఆవిరి పట్టాలని చెప్పు. అతనికి తెలియదు, ఒక్కసారికే దించేస్తాడు.