పర్మిట్ ఫారంలో వదిలేసిన గడి

ఎల్సీ సిస్టర్ గారూ,

పదకొండు గంటల బస్సుకి మొవ్వ వెళ్తున్నాను. మా అన్న కూతురు నిస్సీకి నొప్పులు మొదలయ్యాయట. అన్నం, గోంగూర పప్పు వండిపెట్టాను. తిన్నాకే బీపీ మాత్ర వేసుకోండి. రిటైరైన నర్సులకి కూడా బీపీ ఉంటుంది.

రేపు పదింటికి పోలీసాఫీసుకి వెళ్లి విదేశీయుల పర్మిట్ మీద సంతకం పెట్టాలి. పాస్‌పోర్టు మర్చిపోకండి. రిక్షా ఏసురత్నానికి చెప్పాను.

నిన్న మీ పర్మిట్ ఫారం ఇవ్వడానికి అక్కడికి వెళ్లినప్పటి సంగతి ఒకటి మీకు చెప్పలేదు. "ఏదైనా జరిగితే ఎవరికి తెలపాలి" అన్నచోట మీరు ఏమీ రాయలేదు. ఏటా అక్కడ టొరంటోలో ఉన్న మీ అక్కగారి పేరు రాసేవారు. ఆవిడ మార్చిలో పోయారు, నిజమే. కానీ పక్క గదిలో నేనుండగా ఆ గడి ఖాళీగా ఎలా వదిలేశారో నాకు అర్థం కాలేదు.

ఖాళీగా ఉంటే తీసుకోనని గుమస్తాగారు అన్నారు. నా పేరు రాశాను.

"మీరు ఆవిడకి ఏమవుతారు?" అని అడిగారు.

"చెల్లెలిని" అన్నాను.

ఆయన ఫొటోలో మీ తెల్లదొరసాని మొహం చూశారు, నన్ను చూశారు. "ఎట్లాగమ్మా?" అన్నారు.

"ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నామండీ" అన్నాను. ఆయన ఇంకేం అడక్కుండా స్టాంపు వేశారు.

రేపు మిమ్మల్నీ అడగొచ్చు. మీకు అబద్ధం చెప్పడం చేతకాదు. అందుకే ముందే చెబుతున్నాను.

దయామణి

ఇష్టం లేకపోతే నా పేరు కొట్టేయించండి. నేనేమీ అనుకోను. అనుకుంటాను గానీ, పైకి చెప్పను.