డార్క్ రూమ్ తలుపుకు ఇవతల

అక్కా, ఇక్కడ నేను క్షేమమే, నీ కంటి ఆపరేషన్ గురించే నా బెంగంతా.

మా ఫోటో క్లాసులో కొత్తగా చేరిన బస్సు డ్రైవరుగారు నిన్న డార్క్ రూమ్‌లోంచి ముచ్చెమటలతో బయటికొచ్చారు. ఫిల్ము వెలుగు చూడకూడదు కదా, అక్కడ చిన్న దీపం కూడా ఉండదు. కడిగేముందు ఫిల్మును చిన్న చక్రానికి చుట్టాలి, ఆయన చుట్టబోయి అంతా నలిపేశారు. "మీరు చెప్పిన పెద్దపెద్ద మాటలన్నీ తలుపు వేయగానే ఎగిరిపోయాయండీ" అన్నారు. నిజమే, నా పాఠమంతా వెలుతురులో కూర్చున్నవాళ్లకే పనికొస్తుంది. పాడైన ఫిల్మొకటిచ్చి, ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసుకుని చుట్టమన్నాను. మళ్లీ లోపలికి పంపి, తలుపు ఇవతల కూర్చుని, "అంచు వేలికి తగిలిందా? లాగకండి, మెల్లగా తిప్పండి" అంటూనే ఉన్నాను. కాసేపటికి లోపలినుంచి, "అయిపోయిందండీ, ఇక మీరు ఊరుకోవచ్చు" అని వినబడింది.

పాపకి దగ్గు తగ్గిందా? కుట్టుమిషను తాళం బావకిచ్చెయ్యి, లేకపోతే ఆపరేషనైన మర్నాడే కుట్టడానికి కూర్చుంటావు. ఆయనకు నా నమస్కారాలు.

కళ్లకు కట్టు కడతారని భయపడి ఆపరేషన్ మళ్లీ వాయిదా వేయకు. ఆ రోజు నీ మంచం పక్కనే ఉంటాను. "చాల్లేవే, ఇక నోరు మూయి" అని నువ్వు తిట్టేదాకా మాట్లాడుతూనే ఉంటాను.

నీ వాగుడుకాయ చెల్లెలు