పాప ముందు తలూపకు

లాస్య డాడీ,

నువ్వు లేచేసరికి నేను కంపెనీ బస్సెక్కి పోయి ఉంట. అన్నం, పప్పు గిన్నెలల్ల మూతపెట్టిన. పాపకు ముఖం కడిగినంక చెవి మిషన్ పెట్టు. బ్యాటరీ కొత్తది వేసిన.

ఇయ్యాల శబ్దాల పరీక్ష నువ్వే చెయ్యాలె. పాప వెనకాల కూసొని, ఒక్కొక్కటే ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అను. వినవడితే చింతగింజ తీసి గిన్నెల వేస్తది. నిన్న నువ్వు ఎదురుంగ కూసొని, శబ్దం చేసినప్పుడల్లా తలూపినవ్. అది నీ తల చూసి గింజ వేసింది. నువ్వేమో అన్నీ విన్నదని మురిసిపోయినవ్. నేను వెనక నుంచి అంటే "స్"కు గింజ వేస్తలేదు.

సాయంత్రం చెవుల దవాఖానల మేడం మన మాటను బట్టే మిషన్ సరిచేస్తది. వినకపోతే వినలేదనే చెప్పు. బిడ్డకు అన్నీ వినవడాలని నాకు మాత్రం లేదా?

రేఖ

ఇంకోటి. మొన్న నువ్వు స్నానం చేసుకుంట పాట అందుకున్నవ్. పాప ఆట ఇడిచిపెట్టి బాత్రూం దిక్కు తిరిగింది. తలుపు మూసే ఉండె.